గంటకి మూడు కిలోమీటర్లు: టాపో సరస్సులో ట్రౌట్ ట్రోలింగ్ డైరీ

ముందు పడవ సంగతి. 4.2 మీటర్ల అల్యూమినియం పడవ, వెనక 30 హార్స్‌పవర్ ఇంజను. న్యూజిలాండ్‌లో వీటిని టిన్నీ అంటారు. సముద్రంలో స్నాపర్ చేపలు పట్టుకునే ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పులతో అమ్మేస్తుంటే ట్రైలర్‌తో సహా కొన్నాం. వేగానికి దానికేం లోటు లేదు. మా గొడవంతా దాన్ని నెమ్మదిగా నడపడం ఎలా అనేదే.

ట్రౌట్ చేప కోసం ట్రోలింగ్ చెయ్యడమంటే ఎరని పడవ వెనకాల నీళ్లలో ఈడ్చుకుంటూ పోవడం. ఈడ్చే వేగం గంటకి 3 కిలోమీటర్లు, ఎరని బట్టి ఇంకో అర కిలోమీటరు అటూ ఇటూ. ఇక్కడ అందరూ వేగం నాట్లలోనే (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) చెప్తారు గానీ, మేం నీళ్ల లోతూ, చేపలూ, వేగమూ తెర మీద చూపించే ఫిష్‌ఫైండర్‌ని కిలోమీటర్లలో పెట్టుకున్నాం. మా ఇంజనేమో గేర్లో వేసి వదిలేసినా చాలు, 5 దాటుతుంది. ఆ రెండు కిలోమీటర్లు తగ్గించడానికే గ్యారేజీలో ఇన్ని తిప్పలు. "దీనికోసం ఇంత హడావిడా?" అని మా పక్కింటాయన నవ్వాడు కూడా.

ఎర సంగతి తెలిస్తే నవ్వడు. టాస్మేనియన్ డెవిల్ అని ఒక ఎర ఉంది. మధ్యలో సీసం, రెండు వైపులా ప్లాస్టిక్ రెక్కలు. సరైన వేగంలో లాగితే దెబ్బతిన్న చిన్న చేపలా ఊగుతూ వస్తుంది. వేగం చాలకపోతే చప్పగా వేలాడుతుంది. ఎక్కువైతే గిర్రున తిరిగి దారమంతా మెలివేసి పెడుతుంది. పైగా లోతు కూడా వేగం మీదే ఆధారపడి ఉంటుంది. మేం వాడే లెడ్‌లైన్‌లో అల్లిన దారం లోపల సన్నటి సీసపు తీగ ఉంటుంది. ప్రతి 10 గజాలకి దారం రంగు మారుతుంది కాబట్టి "ఐదు రంగులు వదిలాం", "ఏడు రంగులు వదిలాం" అని లెక్క. నెమ్మదిగా పోతే ఒక్కో రంగుకి ఎర దాదాపు మీటరున్నర దిగుతుంది. కాస్త వేగం పెంచితే చాలు, అదే దారం పైకి లేచిపోతుంది. అంటే చెయ్యి కొంచెం అటూ ఇటూ అయిందంటే ఎర ఆట, లోతు రెండూ ఒకేసారి తప్పుతాయి.

ఇంత కష్టం దేనికంటే, ఈ దేశంలో ట్రౌట్ దుకాణంలో దొరకదు. ట్రౌట్ అమ్మడమూ, కొనడమూ చట్టవిరుద్ధం. సాల్మన్ ఎంత కావాలన్నా కొనుక్కోవచ్చు. ట్రౌట్ తినాలంటే మాత్రం నువ్వే పట్టుకోవాలి, లేదా పట్టినవాళ్లెవరైనా ఊరికే ఇవ్వాలి. సరస్సు ఒడ్డునే ఉన్న టాపో ఊళ్లో కొన్ని హోటళ్లలో మన చేప మనం తీసుకెళ్తే వండిపెడతారు గానీ, మెనూలో రాసి అమ్మరు. మాది నరసాపురం. చేప తినాలంటే చట్టం చదువుకోవాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

కారాపిరోలో చేసిన పరీక్ష

మా ఇల్లు హామిల్టన్‌లో. దగ్గర్లో నీళ్లంటే వైకాటో నది మీద కట్టిన కారాపిరో జలాశయం. వేగం తగ్గించే మొదటి ఉపాయాన్ని అక్కడే పరీక్షించాం. డ్రోగ్ అని ఒక గుడ్డ గరాటా ఉంటుంది, తాడు కట్టి నీళ్లలో వదిలితే పడవని వెనక్కి పట్టి లాగుతుంది. తిన్నగా పోయినంతసేపూ బాగానే పనిచేసింది, వేగం 3.4కి దిగింది. మలుపు తిరగ్గానే దాని తాడు, మా గాలం దారం ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. విడదియ్యడానికి పట్టిన టైములో పడవ గాలికి కొట్టుకుని తుంగలోకి పోయింది. డ్రోగ్‌ని అటక మీద పెట్టేశాం.

కారాపిరోలో దింపిన పడవని నేరుగా టాపోకి తీసుకెళ్లకూడదు. 2023లో అక్కడ గోల్డ్ క్లామ్ అనే బయటి దేశపు ఆల్చిప్ప జాతి బయటపడింది. పిల్లలు కంటికి ఆనవు. పడవ అడుగున మిగిలిన గ్లాసుడు నీళ్లు చాలు, ఇంకో సరస్సుకి చేరిపోతాయి. దక్షిణ దీవి నదుల్లో 2004లో బయటపడ్డ డిడిమో అనే నాచుతో ఈ దేశం ఇప్పటికే పడుతోంది. అందుకే చూడు, కడుగు, ఆరబెట్టు అనేది ఇక్కడ మొక్కుబడి మాట కాదు. మా పడవలో అసలు చిక్కు అడుగున పరిచిన కార్పెట్. పైకి ఆరినట్టే ఉంటుంది, వేలితో నొక్కితే చెమ్మ తగులుతుంది. మొత్తం పీకేశాను. కింద జిగురు మిగిలింది, దాన్ని గోకడానికే ఒక ఆదివారం పోయింది. ఇప్పుడు రబ్బరు చాపలు వేశాం. ఇంటికి రాగానే తీసి ఎండలో దండెం మీద వేసేస్తే సరి.

గ్యారేజీలో

డ్రోగ్ పోయాక ఎలక్ట్రిక్ మోటారుకి వచ్చాం. 55 పౌండ్ల థ్రస్ట్ (నెట్టే బలం), 12 వోల్టులు, పడవ వెనక బల్ల మీద ఇంజను పక్కనే బిగించేది. పాత రకం మోటార్లలో ఐదు స్పీడ్లు ఉంటాయి, కింది స్పీడ్లలో కరెంటు సగం వేడిగా పోతుంది. ఇది పల్సుల మీద, అంటే కరెంటుని తెంపి తెంపి ఇస్తూ నడిచే రకం. వేగం ఎంత తగ్గిస్తే వాడకం అంత తగ్గుతుంది, పైగా పిడి తిప్పుతుంటే వేగం కొంచెం కొంచెంగా మారుతుంది. మాకు కావాల్సింది సరిగ్గా అదే.

బ్యాటరీ 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా ఆయన మోటారు పక్కనే పెడదామంటారు, తీగ పొట్టిగా సరిపోతుందని. నేను ముందు బల్ల కింద పెట్టాలన్నాను. ఇంజను వెనకే, మోటారు వెనకే, పెట్రోలు ట్యాంకు వెనకే, మనుషులిద్దరమూ వెనకే. బ్యాటరీ కూడా అక్కడే పెడితే ముక్కు గాల్లోకి లేస్తుంది, లేచిన ముక్కుని గాలి పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పేస్తుంది. నెమ్మదిగా పోయే పడవకి గాలే పెద్ద శత్రువు.

ముందు పెడితే తీగ పొడవు పానూ రానూ కలిపి 7 మీటర్లు. ఇంట్లో 6 చదరపు మిల్లీమీటర్ల తీగ మిగిలి ఉంది. లెక్క వేస్తే 30 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు పైగా తీగలోనే పోతోంది, పూర్తి వేగంలో అయితే ఒక వోల్టు. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ కొన్నాం, నష్టం పావు వోల్టుకి దిగింది. బ్యాటరీ ప్లస్ దగ్గరే 60 ఆంపియర్ల బ్రేకరు పెట్టాను. ఇది మాత్రం ఎవరూ వదిలెయ్యకూడదు. అల్యూమినియం పడవలో తీగ ఒరుసుకుపోయి పడవ ఒంటికి తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఫిష్‌ఫైండర్‌కి వేరే చిన్న బ్యాటరీ. మోటారుతో కలిపి ఒకే బ్యాటరీ మీద నడిపితే తెర నిండా చినుకుల్లా గీతలు పడుతున్నాయి. అవి చేపలో, మోటారు పల్సులో తెలిసేది కాదు. ఇంటి అలారానికి వాడే 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పెట్టగానే తెర శుభ్రపడింది. రెండు మైనస్ తీగల్నీ ఎక్కడా కలపలేదు.

ఇక డౌన్‌రిగ్గర్. బావి గిలకలాంటిదే ఇది. చక్రం, దానికి స్టీలు తాడు, తాడు చివర నాలుగున్నర కిలోల సీసం గుండు. గుండుకి పైన ఒక క్లిప్పు. గాలం దారాన్ని ఆ క్లిప్పులో పెట్టి గుండుని కిందికి దించితే ఎర మనకి కావాల్సిన లోతులోనే పోతుంది. చేప కొడితే దారం క్లిప్పులోంచి ఊడిపోతుంది, ఇక చేపకీ మనకీ మధ్య గుండు బరువుండదు. పాతది, చేత్తో తిప్పేది దొరికింది. పడవ అంచు రేకు సన్నం కాబట్టి, బరువుకి వంగకుండా కింద దన్ను కావాలి. దానికి వంటింటి తెల్ల ప్లాస్టిక్ కటింగ్ బోర్డులు రెండు కోసి వాడాను. కుళ్లదు, నీళ్లు తాగదు, రంపంతో హాయిగా తెగుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు నేరుగా అల్యూమినియంని తాకితే తడిలో అల్యూమినియం తినేసుకుపోతుంది. అందుకని ప్రతి బోల్టుకీ నైలాన్ వాషర్లు, మధ్యలో పేస్టు. మా ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటే బిగిస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. ఆయనది ఖమ్మం. మున్నేరు తప్ప వేరే నీళ్ల మీద పడవెక్కి ఎరగరు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా.

శుక్రవారం రాత్రి, టాపోలో

జనవరి చివర్లో, ఇక్కడి నడివేసవిలో వచ్చే ఆక్లండ్ యానివర్సరీ లాంగ్ వీకెండ్‌లో పడవలు దించే ర్యాంపు దగ్గర తిరునాళ్లే. ఆ ముందు వారమే పెట్టుకున్నాం. ఆఫీసు అవ్వగానే బయల్దేరి, కేంబ్రిడ్జ్, తిరావు, టొకొరొవా మీదుగా 150 కిలోమీటర్లు. ట్రైలర్ ఉంది కాబట్టి రెండు గంటలు దాటింది.

లైసెన్సులు ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. దేశంలో చాలాచోట్ల చెల్లే ఫిష్ అండ్ గేమ్ లైసెన్సు టాపోలో చెల్లదు. ఇక్కడిది వేరు, పర్యావరణ సంరక్షణ శాఖ ఇస్తుంది. దీని వెనక కథ ఉంది. సరస్సు అడుగు న్గాటి తూఫారెటోవా అనే మావోరీ తెగ వాళ్లది. 1926లో చట్టం చేసి సరస్సుని ప్రభుత్వం తీసుకుంది. బదులుగా లైసెన్సుల ఆదాయంలో వాటా తెగ ట్రస్టు బోర్డుకి ఇచ్చే ఏర్పాటు చేసింది. అడుగు తిరిగి తెగ పేరు మీదికి వచ్చింది 1992లో. మనం నీళ్ల మీద తిరుగుతున్నాం గానీ కింద నేలకి యజమానులున్నారు.

ఒక మనిషికి ఒకే రాడ్డు. ఇద్దరం కాబట్టి రెండు. మా పడవ మొత్తం ఏర్పాటు దీని మీదే ఆధారపడింది. ఎడమ వైపు లెడ్‌లైను, కుడి వైపు డౌన్‌రిగ్గరు. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, కనీసం ఎంత పొడవుండాలి అన్న అంకెలు ఈ మధ్య మారాయి. పాత కరపత్రం చూసి వెళ్లొద్దు. ఆ సీజను అంకె చూసి పడవ బల్ల మీద మార్కరుతో గీత గీసుకున్నాం.

శనివారం తెల్లవారుజాము: ఒడ్డు పక్కన

అకేషియా బే ర్యాంపులో పడవ దించేసరికి చుక్కలింకా ఉన్నాయి. ఉదయం 5కి ముందు గాలం వెయ్యకూడదని నిబంధన. మేం 5:40కి మొదలుపెట్టాం.

తెల్లవారుజామున పద్ధతి వేరు. దీన్ని ఇక్కడ హార్లింగ్ అంటారు. ఎర బదులు ఈకలతో కట్టిన ఫ్లై, గ్రే ఘోస్ట్ అనే రకం, త్వరగా మునిగే ఫ్లై లైను మీద. వేగం ఇంకా తక్కువ, గంటకి 2 నుంచి 2.5. ఎందుకు ఒడ్డు పక్కనంటే, స్మెల్ట్ అనే వేలెడంత వెండి రంగు చేపలు వేసవిలో గుడ్లు పెట్టడానికి ఇసుక తీరాలకి వస్తాయి, చీకటి విడిచేదాకా ట్రౌట్ వాటి వెంటే లోతు తక్కువ నీళ్లలో తిరుగుతుంది. ఈ స్మెల్ట్ ఇక్కడివి కావు, ట్రౌటూ ఇక్కడిది కాదు. 19వ శతాబ్దం చివర్లో ట్రౌట్ తెచ్చి వదిలారు. మొదట్లో ఇక్కడి కొవారో చేపల్ని తిని విపరీతంగా పెరిగాయి, అవి తరిగిపోయేసరికి తిండి చాలక చిక్కిపోయాయి. దాంతో 1930ల్లో స్మెల్ట్‌ని తెచ్చి సరస్సులో వేశారు. బయటి చేప కోసం బయటి మేత. కొవారో సంగతి ఎవరూ అడగలేదు.

టాపో అడుగు తీరు ప్రత్యేకం. ఒడ్డు నుంచి కొంత దూరం లేత రంగు ఇసుక, ప్యూమిస్ రాయి పరిచిన మెరక. అక్కణ్ణుంచి ఒక్కసారిగా లోతు. తెల్లారాక చూస్తే నీటి రంగు గీత గీసినట్టు లేత పచ్చ నుంచి నల్లటి నీలానికి మారుతుంది. ఆ గీత వెంబడే పడవ పోవాలి. చీకట్లో గీత కనపడదు, ఫిష్‌ఫైండరే దిక్కు. మా ఆయన మోటారు పిడి పట్టుకుని తెర మీద లోతు చదువుతున్నారు. "నాలుగు, నాలుగు, ఐదు, పన్నెండు, ఇగో పోయింది" అంటూ లోపలికి తిప్పుతారు. మళ్లీ "మూడు, రెండున్నర" అని బయటికి.

పెద్ద ఇంజనుని పైకెత్తకుండా కాలు నీళ్లలోనే ఉంచాం, తిన్నగా బిగించి. అది చుక్కానిగా పనిచేసి పడవ ముక్కు ఊగడం బాగా తగ్గించింది. ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకున్న వాళ్లకి ఇది పైసా ఖర్చు లేని ఉపాయం. క్లాంప్ మీటరుతో చూస్తే 12 ఆంపియర్లు. చప్పుడనేది లేదు. నీళ్లు పడవ రేకుని తట్టడం తప్ప.

కొండ మీద ఎరుపు రాగానే నా రాడ్డు రెండుసార్లు తలూపి మూడోసారి వంగింది. రెయిన్‌బో ట్రౌట్. రెండుసార్లు నీళ్లలోంచి పైకి ఎగిరింది, రెండోసారి పడవకంటే ఎత్తుగా. రబ్బరు వలలోకి తెచ్చి చూస్తే 46 సెంటీమీటర్లు, గుండ్రటి పొట్ట, తల చిన్నది. ఉంచుకున్నాం. నెత్తి మీద ఒక్క దెబ్బ వేసి, మొప్పల దగ్గర కోసి రక్తం కార్చి, ఐసులో పెట్టాను. ఐసులో పెట్టడం వాయిదా వేస్తే ట్రౌట్ మాంసం మెత్తబడిపోతుంది.

తర్వాతది మా ఆయన రాడ్డుకి. పొడవు గీత దాటింది గానీ సన్నగా, నల్లగా, తలే పెద్దగా ఉంది. ఏట్లోకి పోయి గుడ్లు పెట్టి వచ్చి ఇంకా కోలుకోని చేప. ఇలాంటిది తింటే దూది నమిలినట్టుంటుందని అందరూ చెప్తారు. చెయ్యి తడి చేసుకుని, వలలోనే గాలం తీసి వదిలేశాం. ఆయనకి మనసొప్పలేదు. "మొదటి చేప" అన్నారు. "మొదటిదైనా మాడుమొహందే కదండీ" అన్నాను.

పొద్దెక్కాక: లోతుకి

ఎండ నీళ్ల మీద పడగానే ఒడ్డు పక్కన ఆట ముగిసింది. హార్లింగ్ రాడ్లు సర్దేసి, లెడ్‌లైను, డౌన్‌రిగ్గరు బయటికి తీశాం. పైన నీళ్లు 20 డిగ్రీలు. ట్రౌట్‌కి అది ఇష్టం ఉండదు, చల్లటి నీళ్లలోకి దిగిపోతుంది. వేసవిలో సరస్సు రెండు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చటి నీళ్లు, కింద చల్లటివి, మధ్యలో ఉష్ణోగ్రత చప్పున పడిపోయే పొర. ఫిష్‌ఫైండర్ సెన్సిటివిటీ పెంచితే ఆ పొర మసక పట్టీలా కనపడుతుంది. ఆ రోజు 30 మీటర్ల దగ్గర ఉంది. దానికి కాస్త పైన చేపల వంపు గీతలు, అక్కడక్కడా.

గుండుని 28 మీటర్లకి దించాం. పడవ ముందుకి పోతుంటే గుండు వెనక్కి జరుగుతుంది, తాడు వాలుగా ఉంటుంది. కాబట్టి చక్రం మీది మీటరు 28 అని చూపిస్తే అసలు లోతు అంతకంటే తక్కువే. ఇక్కడా వేగమే. 3 దగ్గర తాడు కొంచెం వాలింది, 4 దగ్గర కంటికి బాగా తెలిసేంత వాలింది. గుండు వెనక ఎర దాకా 10 మీటర్ల దారం. ఎర ట్రాఫిక్ లైట్ రంగుల టోబీ. రాడ్డుని హోల్డరులో పెట్టి, బాగా వంగేదాకా దారం బిగించాలి. చేప కొట్టి క్లిప్పు ఊడగానే రాడ్డు టక్కున నిటారుగా లేస్తుంది. వంగితే చేప అనుకునే అలవాటు ఉన్నవాళ్లకి లేస్తే చేప అనుకోవడం కొత్త. పైకి లేచిన క్షణంలో దారం వదులుగా ఉంటుంది, గబగబా చుట్టాలి.

రంగటీరా కొన వైపు పోతూ వంకర టింకరగా నడిపాం, కావాలనే. ఇది ఆ రోజు నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే పనికొచ్చింది. పడవ కుడికి తిరుగుతుంటే కుడివైపు ఎర నెమ్మదిస్తుంది, కిందికి దిగుతుంది. ఎడమవైపు ఎర వేగం పుంజుకుని పైకి లేస్తుంది. ఒకే పడవతో ఒకేసారి రెండు వేగాలు పరీక్షించినట్టు. మాకు లెడ్‌లైను మీద కొట్టిన ప్రతిసారీ అది మలుపులో బయటి వైపు ఉంది. అంటే మేం కాస్త నెమ్మదిగా పోతున్నామన్నమాట. 3 నుంచి 3.4కి పెంచి, దిగే లోతు సరిపెట్టడానికి ఇంకో రంగు దారం వదిలాం. ఆ తర్వాత తిన్నగా పోతున్నప్పుడూ కొట్టడం మొదలైంది.

మలుపులు వెడల్పుగా తీసుకోవాలి. గిర్రున తిప్పితే లెడ్‌లైను డౌన్‌రిగ్గరు తాడు మీదికి వస్తుంది. "మెల్లగ, మెల్లగ" అని మా ఆయన తనకి తానే చెప్పుకుంటూ తిప్పుతారు. అలా అంటున్నారని ఆయనకే తెలీదు.

మైన్ బే దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. కొండ రాయి మీద చెక్కిన పెద్ద మొహం, 14 మీటర్ల ఎత్తు. న్గాటోరోయిరంగి అనే నావికుడిది. మావోరీల పూర్వీకుల తె అరావా పడవని ఈ దేశానికి నడిపించి తెచ్చినవాడని చెప్తారు. మతాహి ఫకాటకా-బ్రైట్‌వెల్ అనే శిల్పి 1970ల చివర్లో చెక్కాడు. నీళ్ల మీది నుంచే చూడాలి, నేల దారి లేదు. చూడ్డానికి వచ్చిన పడవలు, కయాకులు గుంపుగా ఉన్నాయి. ఇంకో పడవకి 50 మీటర్లలోపు, ఒడ్డుకి 200 మీటర్లలోపు 5 నాట్లు దాటకూడదని నిబంధన. మేం దాటే ప్రశ్నే లేదు. వాళ్లే మమ్మల్ని దాటి పోతున్నారు.

సరిగ్గా అక్కడే కుడి రాడ్డు నిటారుగా లేచింది. నేను చుడుతున్నాను, ఆయన ఒక చేత్తో మోటారు తగ్గించి, ఇంకో చేత్తో గుండు ఎత్తాలి. 28 మీటర్ల తాడు, చివర నాలుగున్నర కిలోలు. "ఏమండీ, గుండు! గుండెత్తండి, చేప దానికి చుట్టుకుంటుంది!" అని నేను అరిచిన అరుపుకి కయాకుల్లో జనం తిరిగి చూశారు. ఆయన చెమటలు కక్కుతూ తిప్పారు. మోటారుని పూర్తిగా ఆపలేదు, ఆపితే దారం వదులై గాలం ఊడిపోతుంది. చేప పైకి వచ్చింది, 52 సెంటీమీటర్లు. ఎవరో చప్పట్లు కొట్టారు.

గాలి

పదకొండు దాటాక నైరుతి గాలి లేచింది. టాపో 616 చదరపు కిలోమీటర్ల సరస్సు, దాదాపు 186 మీటర్ల లోతు, అగ్నిపర్వతం పేలి కుంగిన గొయ్యి. దక్షిణాన రువాపెహూ మంచు కొండ నుంచి ఇక్కడిదాకా గాలికి అడ్డేమీ లేదు. నురుగు కనపడగానే లైఫ్ జాకెట్ బెల్టులు బిగించుకున్నాం. జాకెట్లు పొద్దుట్నుంచీ ఒంటి మీదే ఉన్నాయి.

గాలికి ఎదురు పోతుంటే మోటారు 30 ఆంపియర్లు లాగింది, వేగం 2.2కి పడిపోయింది. గాలి వాలున పోతే మోటారు ఆపేసినా 2.8. ఎదురు పోయేటప్పుడు ఎర చచ్చిపడుతోంది, వాలున పోయేటప్పుడు మాత్రం ఆడుతోంది. అప్పుడు చేసింది ఇది: లెడ్‌లైను, గుండు లోపలికి తీసేసి, పెద్ద ఇంజనుతో గాలికెదురు ఒక కిలోమీటరు పోయి, మళ్లీ ఎలక్ట్రిక్ మోటారు వేసుకుని వాలున ట్రోలింగ్ చేస్తూ రావడం. పెట్రోలు కొంచెం పోయింది గానీ వేగం చేతిలోనే ఉంది. ఎడమ వైపు ఇంకొక చేప ఇలాగే పడింది. మధ్యాహ్నం ఒంటిగంటకి బ్యాటరీలో పావు వంతు మిగిలింది, అలల ఎత్తు మాకు నచ్చలేదు, ర్యాంపుకి వచ్చేశాం.

వంటింట్లో

శుభ్రం చేసేటప్పుడు పొట్టలు కోసి చూశాను. ఇది అసహ్యం అనుకునేవాళ్లు అనుకోనీ. తెల్లవారుజామున పట్టిన చేప పొట్టలో స్మెల్ట్, చెక్కుచెదరకుండా ఒకదాని పక్కన ఒకటి, నా చిటికెన వేలంత. లోతులో పట్టిన వాటిలో సగం అరిగిన స్మెల్ట్, ఒకదాంట్లో కౌరా అనే మంచినీటి రొయ్య తునకలు. ఆ కౌరా తిన్న దాని మాంసం మిగతావాటికంటే ఎర్రగా ఉంది. వచ్చేసారి ఎర పొడవు 6 సెంటీమీటర్లకి తగ్గించాలని రాసుకున్నాను.

ఒకటి మానుకా చెక్క పొట్టుతో పొగబెట్టాం, పైన బ్రౌన్ షుగర్, ఉప్పు. ఇక్కడివాళ్ల పద్ధతి, చాలా బాగుంటుంది. ఒకటి పులుసు పెట్టాను. ట్రౌట్ పులుసుకి తొందరపడే చేప కాదు, మాంసం మెత్తన. చింతపండు పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని ఊపి, ఐదు నిమిషాల్లో దించేశాను. మర్నాటికి ఇంకా బాగుంది. వీడియో కాల్‌లో అమ్మ గిన్నె చూసి, "పులసలా కనపడ్డం లేదే" అంది. ముళ్లు తక్కువమ్మా అంటే, "ముళ్లు లేని చేపకి రుచేం ఉంటుంది" అని తేల్చేసింది.

మిగిలిన పనులు

డౌన్‌రిగ్గరు పిడిని పొడిగించాలి. ఇప్పుడున్నది పొట్టిది, గుండెత్తేటప్పుడు మా ఆయన భుజం పట్టేస్తోంది. కార్డ్‌లెస్ డ్రిల్లుకి సరిపోయే అడాప్టర్ చేసి, డ్రిల్లుతో తిప్పించవచ్చేమో చూస్తున్నాను. నెమ్మది గేరులో 4.5 కిలోలు లాగుతుందనే అనుకుంటున్నాను, ముందు గ్యారేజీలో దూలానికి వేలాడదీసి పరీక్షించాలి.

మోటారు పిడికి పొడుగు పైపు కావాలి. మా ఆయన తిరిగి కూర్చుని మెడ విరుచుకుంటూ నడుపుతున్నారు. 32 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, మధ్యలో ఒక జాయింటు చాలు.

బ్యాటరీ ఇంకొకటి కొందామని ఆయన, గాలి లేచేలోపే ఒడ్డుకి రావడం మేలని నేను. ఇది ఇంకా తేలలేదు. ఫిబ్రవరిలో కిన్‌లాక్ నుంచి దింపి పడమటి తీరం వైపు పోవాలని ఉంది. దానికి ముందు ట్రైలర్ చక్రం బేరింగుల్లో గ్రీజు మార్చాలి. టొకొరొవా దగ్గర ఆగినప్పుడు ఎడమ చక్రం ముట్టుకుంటే చెయ్యి కాలింది.